జూన్ ఒకటిన పుట్టినవాళ్లం

నా సర్వీసు పుస్తకంలో మొదటి పేజీలో మొదటి వివరమే తప్పు. ఆ పుస్తకం ప్రకారం నేను జూన్ ఒకటో తేదీన పుట్టాను. నిజానికి నేను పుట్టింది అంతకు రెండేళ్ల ముందు, ఒక కార్తీక మాసంలో. చింతామణిలో మా నాయన దుకాణాన్ని కాసేపు పక్కవాళ్లకు అప్పజెప్పి నన్ను బడికి తీసుకుపోయిన రోజున, మేష్టారు కుడిచేత్తో తల మీదుగా ఎడమ చెవి అందుకోమన్నారు. సులువుగా అందింది. "వయసు నిండిందిలే, కానీ రెండేళ్లు తగ్గించి రాస్తాను. సర్కారు ఉద్యోగం వస్తే రెండేళ్లు ఎక్కువ చేసుకుంటాడు" అన్నారాయన. మా తరగతిలో సగం మంది అట్లా జూన్ ఒకటిన పుట్టినవాళ్లమే.

మేష్టారి మాట నిజమైంది. ఉద్యోగం వచ్చింది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ముప్పై ఏళ్ల పైన హెల్త్ ఇన్‌స్పెక్టరుగా తిరిగాను. సరైన వయసుకే ఇంటికి పోయివుంటే కరోనాను దుకాణంలో కూర్చుని చూసేవాణ్ణి. మేష్టారి కలం దయవల్ల ఇంకో రెండేళ్లు కుర్చీలో ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండేళ్లలో చివరి నెల సంగతి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన మీకోసం ఇది రాస్తున్నాను. ఇది విజయగాథ కాదు. నా విజయాలన్నీ వీడ్కోలు సభలో ఇతరులు చెప్పేశారు. అవి వింటూ కూర్చున్నప్పుడు, పక్క ఆఫీసులో ఎవరిదో సభకు పొరపాటున వచ్చానేమో అనిపించింది. వాళ్లు చెప్పనిది ఒకటి మిగిలింది. అది నేనే చెప్పుకోవాలి.

నాకు సిబ్బంది పెట్టిన పేరు సుత్తోలె సార్. సుత్తోలె అంటే కన్నడంలో సర్క్యులరు. ఎవరు ఏమడిగినా సంచిలోంచి సర్క్యులరు తీసి, ఫలానా పేరా చదివి వినిపించడం నా అలవాటు. మండికల్ నుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె మా ఉపకేంద్రంలో పనిచేసేది. నా వెనక ఆ పేరు వాడేవాళ్లు చాలామంది. ఆమె మాత్రం నా ముఖం మీదే వాడేది. "సుత్తోలె సార్, భోజనానికి పోవచ్చా? దానికేమన్నా పేరా ఉండాదా?" అనేది. నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వాలని ఎక్కడా రాసిలేదు.

పన్నెండేళ్లు నిండిన పిల్లలకు కరోనా టీకా మొదలైన ఏడాది అది. ఆ టీకాతో ఒక చిక్కు ఉండేది. ఒక్క సీసాలో ఇరవైమందికి సరిపడా మందు ఉంటుంది. మూత తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారేయాలి. పారేసిన ప్రతి డోసుకూ పైనుంచి ప్రశ్న వస్తుంది. అందుకని ఇరవైమంది చేరేదాకా సీసా తెరిచేవాళ్లం కాదు. పిల్లలు వచ్చిన రోజు సీసా రాదు, సీసా వచ్చిన రోజు పిల్లలు రారు. రెండూ కలిసిన రోజు కరెంటు పోయి, పోర్టల్ తెరుచుకోదు. తాలూకాలో అతి తక్కువ వృథా నా పరిధిలోనే అని ఒక సమావేశంలో పెద్ద అధికారి నాకు చప్పట్లు కొట్టించారు. నేను లేచి నమస్కారం పెట్టాను. ఆ వృథా తగ్గించడానికి ఎంతమంది పిల్లలను "రేపు రండి" అని తిప్పిపంపానో ఆ సభలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పిల్లల టీకా అంటే పెద్దల టీకా లాంటిది కాదు. తమకు సూది వేయించుకోవడానికి చేయి చాపినవాళ్లే బిడ్డల దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గేవాళ్లు. చాకవేలు దగ్గర పల్లెలో ఒక రైతు నన్ను నిలదీశాడు.

"మేము పెద్దోళ్లం, ఏసుకుంటిమి. పోతే పోతాము. బిడ్డలకేల సార్? రేపు వాళ్లకు పిల్లలు పుట్టరంట గదా?"

నేను సంచిలోంచి కాగితం తీశాను. పేరా నాలుగు చదివాను. అతను ఓపికగా విని, ఇంటివైపు తిరిగాడు. అప్పుడు నర్సమ్మ గట్టిగా అంది.

"ఓ యప్పా, నిలబడు. నా కొడుక్కి పదమూడేండ్లు. మొన్ననే నా చేత్తో ఏసినా. ఒక దినం జ్వరం వచ్చింది. మర్నాడు గోడ దూకి మామిడికాయలు కోసినాడు. సూదితో అల్లరన్నా తగ్గుతుందేమో అనుకుంటి, అదీ లేదు."

ఆ రైతు కూతుర్ని తీసుకొచ్చాడు. నేను పేరా నాలుగు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇక అసలు రోజు. మే నెల. నా ఉద్యోగానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. జూన్ ఒకటిన పుట్టినవాడు మే ముప్పై ఒకటిన ఇంటికి పోవాలి. చాకవేలు చుట్టుపక్కల పల్లెల మధ్యనున్న బడిలో శిబిరం పెట్టాం. పదిహేడుమంది పిల్లలు చేరారు. ఇరవై కావాలని నేను గంటసేపు ఆపాను. పిల్లలు ఒకరొకరే జారుకునేలా ఉన్నారు. "తెరవకపోతే పదిహేడుమందీ పోతారు సార్" అని నర్సమ్మ నా అనుమతి కోసం చూడకుండా సీసా తెరిచింది. పదిహేడుమందికీ వేసింది. మూడు డోసులు మిగిలాయి. ఇంకా గంటన్నర టైముంది.

అప్పుడు వచ్చారు ఒక అవ్వా, ఆమె మనవరాలూ. బస్సు రాలేదట. తమ పల్లె నుంచి ఎండలో నడిచొచ్చారు. అవ్వ నెత్తిన చెంగు కప్పుకుంది. పాప చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. పాప నా భుజం దాకా ఉంది. నేను పెద్ద పొడగరిని కాననుకోండి.

"సూది యాడ ఏస్తాండారప్పా? ఈడేనా?"

"ఈడేనమ్మా. ఆధార్ ఉండాదా?"

పాప కార్డు ఇచ్చింది. పుట్టిన తేదీ జూన్ ఒకటి. సంవత్సరం లెక్కేశాను. ఇంకో మూడు వారాలకు పన్నెండు నిండుతాయి.

"పన్నెండు నిండలేదమ్మా. ఈ పాపకు ఇప్పుడు ఏసేదానికి కాదు."

"నిండకేమప్పా! పదమూడు దాటి ఎన్నో నెలలాయ. బిడ్డను చూడు, కార్డును చూస్తావేమి?"

"కార్డులో పదకొండే ఉండాది."

"అది మేష్ట్రు రాసింది. ఇస్కూల్లో చేర్చేటప్పుడు తగ్గించి రాసినాడు. సర్కారు పని వస్తే రెండేండ్లు ఎక్కువ చేసుకుంటాదంట."

నర్సమ్మ దగ్గింది. అది జలుబు దగ్గు కాదు. నా చెవీ, నా మేష్టారూ, నా జూన్ ఒకటీ, ఆ కథంతా నేనే టీ తాగేటప్పుడు పదిసార్లు నవ్వుతూ చెప్పివున్నాను.

"గొంతులో ఏమన్నా పడిందా?" అన్నాను.

"ఏం లేదు సార్. ఎవరో తెలిసినాయన యవ్వారం గుర్తొచ్చింది."

నేను విననట్టు అవ్వవైపు తిరిగాను. "ఏ యేడు పుట్టిందో చెప్పమ్మా."

"మా బోరు ఎండిపోయిన యేడు."

బాగేపల్లి తాలూకాలో బోర్లు ఎండిపోని ఏడాది ఏదో చెబితే లెక్క వేయడానికి వీలుండేది.

అంతవరకూ అవ్వ వెనక నిలబడిన పాప ముందుకొచ్చింది. ఇప్పుడు కవరులోంచి ఇంకో కాగితం తీసింది. బాగేపల్లిలో ఆడపిల్లల హాస్టలు సీటు వచ్చిన కాగితం. వాళ్ల పల్లె బడి ఐదో తరగతి వరకే. కరోనాలో ఒక ఏడాది ఎట్లాగూ పోయింది.

"సార్, సోమవారం హాస్టలు తెరుస్తారు. సూది ఏసుకున్న కాగితం లేకుంటే రావద్దన్నాడు వార్డెన్ సార్. ఆ వారంలో చేరకుంటే నా వెనక ఉండే పాపకు ఇచ్చేస్తారంట."

అట్లాంటి నిబంధన పైనుంచి వచ్చింది కాదని నాకు తెలుసు. ఆ వార్డెన్ సొంతంగా పెట్టుకున్నాడు. ఆ మాట చెప్పడానికి నా దగ్గర కాగితం ఉంది, పేరా కూడా ఉంది. అది చెప్పలేదు. నా పని వయసు చూడటం, అంతే.

"సీటు పోతే?" అని నర్సమ్మ అడిగింది.

"పోతే ఏముంది తల్లీ, నాతోపాటు టమాటా కోతకు వస్తాది" అంది అవ్వ. "దీని అమ్మ దొడ్డబళ్లాపురంలో గార్మెంట్స్‌లో ఉండాది. అది కూడా ఐదుతోనే నిలిచిపోయింది. దీన్నన్నా చదివించల్ల అని దాని ఆశ."

నేను నా గొంతులో ఉన్న మెత్తదనమంతా బయటికి తీసి అన్నాను. "జూన్ ఒకటికి రామ్మా. మూడు వారాలే గదా. నేనే చెప్పి పెడతా."

జూన్ ఒకటికి నేను ఉండనని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

"ఇప్పుడు ఏస్తే బిడ్డకు ఏమన్నా అయితుందా? అందుకేనా వద్దంటావు?"

ఇది మంచి ప్రశ్న. దీనికి మంచి జవాబు ఉంది. పన్నెండు లోపు పిల్లలకు ఈ మందు సరిపోతుందా లేదా అని పెద్దలు ఇంకా తేల్చలేదు, తేలనిదాన్ని పిల్ల మీద పరీక్షించకూడదు. నేను అదే చెప్పాను, కాకపోతే పావుగంట చెప్పాను. అవ్వ పూర్తిగా విని అడిగింది.

"అంటే ముందటి పొద్దు దాకా బిడ్డకు ఏమన్నా అయితుంది, జూన్ ఒకటి తెల్లారితే కాదా?"

నర్సమ్మ ఈసారి దగ్గలేదు, నవ్వింది. పాప కూడా నవ్వింది. నేను రిజిస్టరు తెరిచి ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాను.

వాళ్లు వెంటనే వెళ్లలేదు. వరండాలో కూర్చున్నారు. మనసు మారుతుందేమోనని చూశారు కాబోలు. మధ్యలో నర్సమ్మ రెండుసార్లు వచ్చి "సార్, గంట ఉండాది, మూడు డోసులు", "సార్, అరగంట" అని చెప్పింది. మూడోసారి సీసా తీసుకొచ్చి నా ముందు పెట్టింది. టైమైపోయింది. వృథా కాలమ్‌లో మూడు అని రాశాను. పక్కన కారణం రాయాలి. "అర్హులు రాలేదు" అని రాశాను. అది రాస్తున్నప్పుడు కిటికీలోంచి ఆ పాప పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. చెప్పు తెగితే దారంతో కుట్టుకుంది.

మీరు నన్ను తిట్టుకోవడానికి తొందరపడకండి. నిబంధన తప్పు కాదు. ప్రతి అవ్వ మాటా నమ్మి పిల్లలకు సూది వేస్తూ పోతే ఒకరోజు నిజంగా పదేళ్ల పిల్లకు వేస్తాం. నా తప్పు వేరే చోట ఉంది. ఆ అవ్వ చెప్పింది నిజమా కాదా అని చూడటానికి నాకు ఒక దారి ఉందని నాకు తెలుసు. గంటన్నర టైముంది. నేను లేవలేదు.

ఆ సాయంత్రం బాగేపల్లిలో అద్దె ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాను. వండుకోవడం అప్పటికి ఏడాదిగా అలవాటు. ఎక్కువ చెప్పను, జరిగింది చెబుతాను. అంతకు ముందటేడు మార్చిలో అరవై దాటినవాళ్లకు టీకా మొదలైంది. నా భార్యకు అరవై నిండాయి. రేషను కార్డు రాసినవాడు మాత్రం ఆమెకు యాభై ఎనిమిదే రాశాడు. ఆధార్‌లోకి అదే ఎక్కింది. ఒక మధ్యాహ్నం నాకు అన్నం క్యారియరు తెచ్చింది. ఆ రోజు సీసాలో రెండు డోసులు మిగిలాయి. ఇదే నర్సమ్మ "అమ్మకు ఏసేద్దామా సార్" అంది. నేను కార్డు చూపించమన్నాను. నా భార్యను! ఆమె చూపించింది కూడా. "నెలరోజులే గదా, నలభై ఐదు దాటినవాళ్లందరికీ ఏప్రిల్లో మొదలుపెడతారు, వరసలో రా" అన్నాను. ఆమె నర్సమ్మతో "చూసినావా, ఇంట్లో కూడా ఇంతే. ఉప్పు అడిగినా అర్జీ రాయల్ల" అని నవ్వి, ఖాళీ క్యారియరు తీసుకుని వెళ్లింది. ఏప్రిల్లో చింతామణిలో చుట్టాలింటికి పోయింది. తిరిగొచ్చేసరికి స్టాకు లేదు. స్టాకు వచ్చేసరికి ఆమెకు జ్వరం. మే నెలలో పోయింది.

మార్చిలో వేసివుంటే బతికేదా అని నేను దొరికిందల్లా చదివాను. వెయ్యిమందికి ఏమవుతుందో పుస్తకాలు చెబుతాయి. ఒక మనిషికి ఏమయ్యేదో ఏ పుస్తకమూ చెప్పలేదు. కాబట్టి నాకు తెలియదు. తెలియదు అనే మాటతోనే ఏడాది గడిపాను.

ఆ సాయంత్రం కంచం కడుగుతుంటే "మూడు వారాలే గదా" అన్న నా గొంతు నాకే వినిపించింది. ఎక్కడో విన్న గొంతే.

మర్నాడు పొద్దున్నే ఉపకేంద్రానికి వెళ్లాను. నేను చూడకుండా వదిలేసిన దారి ఇది. పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి టీకా మేమే వేస్తాం. ఎడమ భుజం మీద మచ్చ మిగిలేది అదే. తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ పుట్టిన తేదీ, బరువు, అన్నీ ఆ నెలలోనే రిజిస్టర్లోకి ఎక్కుతాయి. బడిలో మేష్టారు వయసు తగ్గించగలడు. ఇంకా పుట్టని బిడ్డకు మేము సూది వేయలేం కదా.

"పాత టీకా రిజిస్టర్లు ఎక్కడున్నాయి?" అని నర్సమ్మను అడిగాను. బీరువాలో అడుగున వెతకాలి, చెదలు తినివుంటాయి అంటుందనుకున్నాను. ఆమె టేబులు మీద ఉన్న పుస్తకం నావైపు తోసింది. పేజీలో చీపురు పుల్ల పెట్టివుంది.

"నిన్న సాయంత్రమే తీసిపెట్టినా సార్. మీరు అడుగుతారా లేదా అని చూస్తాండా."

"నిన్ననే చెప్పొచ్చు గదా?"

"మీరు యాడ వింటారు? ఆ అవ్వ మాటే వినలే. ముందు చూడండి."

అప్పట్లో అక్కడ పనిచేసిన పాత నర్సమ్మ చేతిరాత. తల్లి పేరు అదే. ఊరు అదే. ఆడబిడ్డ. బరువు రెండు కిలోల ఆరువందలు. రాసిన తేదీ లెక్కన పుట్టి పదమూడేళ్ల ఎనిమిది నెలలు. పేజీ అడుగున పరిశీలించినవారు అనే చోట ఒక సంతకం. అప్పుడు కూడా ఆ పరిధి నాదే.

"మీ సహి ఉండాది సార్" అంది నర్సమ్మ. "మీరు సహి పెట్టిన కాగితాన్ని మీరన్నా నమ్మల్ల గదా."

నమ్మాను. కానీ ఇప్పుడు మందు లేదు. నిన్నటి మూడు డోసులూ పారేశాం. ఫోన్లు చేస్తే బాగేపల్లిలో ఒకే ఒక్క సీసా ఉందని తెలిసింది. ఇరవైమంది దొరికే చోటికి పంపాలని దాచిపెట్టారు. జిల్లా నుంచి కొత్త స్టాకు వచ్చేది సోమవారం తర్వాత. జీవితంలో మొదటిసారి నేను ఒక సీసా కోసం అబద్ధమాడాను. "ఇరవైమంది ఉన్నారా?" అంటే "ఉన్నారు" అన్నాను. అన్నాక సంచిలో సర్క్యులర్లు బరువెక్కినట్టు అనిపించింది. నర్సమ్మ పల్లె పల్లెకూ ఫోను చేసింది. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు శుక్రవారం, కొందరు సంతకు పోయారు, కొందరు పెళ్లికి పోయారు. చివరికి పాపతో కలిపి ఆరుగురు వచ్చారు.

సీసా తెరవమని ఈసారి నేనే చెప్పాను. నర్సమ్మ నావైపు చూసి "ఒంట్లో బాగుండాదా సార్?" అంది.

పోర్టల్లో వివరాలు ఎక్కించేది నేనే. ఒక వేలితో కొడతాను. పుట్టిన సంవత్సరం దగ్గర ఆ వేలు ఆగింది. కార్డులో ఒకటి, రిజిస్టర్లో ఒకటి. రిజిస్టరులోది కొట్టాను. గుర్తింపు పరిశీలించాను అనే గడిలో టిక్కు పెట్టాను.

అవ్వ మళ్లీ అడిగింది. "అప్పా, బిడ్డకు ఏమన్నా అయితుందా?"

సంచి పక్కనే ఉంది. ముట్టుకోలేదు. "చెయ్యి నొప్పి పుడతాదమ్మా. ఒక దినం జ్వరం రావొచ్చు. ఎప్పుడో ఎవరికో ఒకరికి ఇంకేమన్నా కావొచ్చు, కాదని ఒట్టు పెట్టలేను. అందుకే అరగంట ఈడే కూర్చోమంటాము. నేనూ కూర్చుంటా. రాత్రి ఏమన్నా అయితే ఈ నెంబరుకు ఫోన్ చెయ్యి."

"అట్ల చెప్పు" అంది అవ్వ. "మొన్న ఏమేమో చెప్తివి."

సూది వేశాక ఆ అరగంటా నేను పాప ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఆరుగురు పిల్లల్లో ఆమెనే చూశాను. నిమిషానికోసారి గడియారం, నిమిషానికోసారి ఆమె ముఖం. రిజిస్టర్లో పాత నర్సమ్మ ఒకరి పేరు పక్కన ఇంకొకరిది రాసివుంటే? అదే పేరుగల తల్లి ఆ పల్లెలో ఇంకొకతె ఉంటే? ఇరవై నిమిషాలకు పాప అడిగింది.

"సార్, సూది నాకు గదా ఏసింది. మీకేల చెమట్లు పోస్తాండాయి?"

నర్సమ్మ నాకు ఒక గ్లాసు నీళ్లిచ్చి, గోడకు ఆనుకోమంది. ఆ రోజు పరిశీలనలో ఉంచాల్సి వచ్చింది నన్నొక్కణ్ణే.

వృథా కాలమ్‌లో పద్నాలుగు అని రాశాను. కారణం గడిలో "పిల్లలు ఆరుగురే వచ్చారు, అయినా తెరిచాను" అని రాశాను. తాలూకా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నా సర్వీసులో నేను కూడబెట్టుకున్న చప్పట్లన్నీ ఆ ఫోనులో ఖర్చైపోయాయి.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాను. సోమవారం పదకొండు గంటలకు నర్సమ్మ ఫోను చేసింది. "సార్, అవ్వ హాస్టలు గేటు దగ్గర ఉండాదంట. వార్డెన్ లోపలికి రానీయలేదంట. మన కాగితంలో ఒక వయసు, ఇస్కూలు కాగితంలో ఒక వయసు ఉండాది అంటాన్నాడంట."

నిజమే. ఇంత తెలివైనవాణ్ణి, అది ముందుగా ఆలోచించలేదు. బండి వేసుకుని వెళ్లాను.

పాప ఒక రేకు పెట్టె మీద కూర్చునివుంది. అవ్వ గేటు పట్టుకుని నిలబడింది. వార్డెన్ ముప్పై ఏళ్ల కుర్రాడు, మగపిల్లల హాస్టలు నుంచి దీనికీ ఇన్‌చార్జిగా వేశారు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, అంచులు కలిపి పేర్చిన ఫైళ్లు. టేబులు మీద సర్క్యులర్లు తేదీల వరసలో ఉన్నాయి. చూడగానే నాకు ముచ్చటేసింది, ఆ వెంటనే భయమేసింది.

"సార్, మీరు పెద్దవాళ్లు, మీకు తెలియనిదేముంది? రెండు రికార్డులూ ఒకటి కాలేదు. జూన్ ఒకటికి ఆ పాపకు పన్నెండు నిండుతాయి. అప్పుడు ఇంకో సూది వేయించి సరైన కాగితం తెమ్మనండి. రెండు వారాలే గదా?"

ఎంత మెత్తగా చెప్పాడు! నేనే ఎదురుగా కూర్చుని నాకే చెబుతున్నట్టుంది. అతని ముఖంలో కోపం లేదు, కుట్ర లేదు. తన పని తాను సరిగ్గా చేస్తున్నానన్న తృప్తి ఉంది. ఆ తృప్తి ముఖం మీద ఎట్లా కనిపిస్తుందో నేను అంతవరకూ చూడలేదు. ఇన్నాళ్లూ లోపలినుంచే ఎరుగుదును.

"టీకా లేకపోతే చేర్చుకోవద్దని పైనుంచి ఆదేశం లేదు నాయనా" అన్నాను. నా దగ్గరున్న కాగితం తీసి ఇచ్చాను. మొదటిరోజే ఇవ్వాల్సిన కాగితం. అతను రెండుసార్లు చదివాడు.

"సరే సార్. కానీ వయసు తేడా? రేపు ఆడిట్లో అడిగితే?"

"ఆ పాప పుట్టిన నెల నుంచి మా శాఖ పుస్తకంలో ఉంది. నేను రాసిస్తాను."

"రాసిస్తారా?" అని తెల్ల కాగితం నావైపు జరిపాడు. రాశాను. ఈ పిల్లకు పుట్టిన నెలలో మా ఉపకేంద్రంలో టీకా వేశాం, రిజిస్టరు నేను చూశాను, ఈ పిల్లకు పన్నెండు నిండి ఏడాది దాటింది, టీకా సరైన వయసులోనే వేశాం, బాధ్యత నాది. ఐదు వాక్యాలు. సంతకం, ముద్ర.

వార్డెన్ కాగితం తీసుకుని సందేహంగా అన్నాడు. "ఏమన్నా వస్తే జవాబు చెప్పేది మీరే గదా సార్? మీరు ఈ నెలాఖరుకు రిటైర్మెంటు అంట కదా."

"ఔను. అందుకే ఇప్పుడే రాస్తున్నా."

అతను నవ్వకుండా కాగితానికి రెండు చిల్లులు పొడిచి ఫైల్లో పెట్టాడు. పేజీ నెంబరు వేశాడు. పైకి వస్తాడు ఆ అబ్బాయి.

పాప రేకు పెట్టె ఒక పక్క నేను పట్టుకోబోతే "నాకు అయితుంది సార్" అని తనే ఎత్తుకుంది. ఎడమ చేయి ఇంకా నొప్పిగా ఉన్నట్టుంది, కుడిచేతికి మార్చుకుంది. వరండాలో ఎవరో పాప వచ్చి రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ లోపలికి పోయారు.

గేటు బయట అవ్వ చెంగుతో ముఖం తుడుచుకుని మొదట అడిగింది ఇది.

"అప్పా, ఇస్కూల్లో మేష్ట్రు రాసింది మాత్రం మార్పించొద్దు. రేపు దానికి ఉద్యోగం వస్తే రెండేండ్లు తక్కువయిపోతాది."

మార్పించనని మాటిచ్చాను. ఆ విషయంలో నాకంటే అనుభవమున్నవాడు ఆమెకు దొరకడు.

కొంచెం దూరం కలిసి నడిచాం. ఆమె ఆగి అడిగింది.

"లోపల ఏమో రాసిస్తివి గదా. దానికి శానా సేపు పట్టిందా?"

"లేదమ్మా. రెండు నిమిషాలు."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టివుంటే బాగుండేది. రెండు నిమిషాలా అని తనలో తాను ఒకసారి అనుకుని, చెంగు నెత్తిన వేసుకుని, బస్సు కోసం ఎండలో నడిచి వెళ్లింది.